పాఠశాలలో కంప్యూటరు, ఇంటిలో సెల్‌ఫోను: సంరక్షకులెవరు?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువు నిండినంత మాత్రమున చివరి మడి తడవదని మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు. తూము ఎత్తువారు ఎవరో, ఏ పొలమునకు ఏ దినమున వంతో, గట్టు తెగిన రాత్రి పార పట్టుకొని ఎవరు రావలెనో నిర్ణయమై ఉన్న ఊరిలోనే నీరు పంటగా మారును. ఆ పనికై మన పెద్దలు నీరటివానిని నియమించుకొనిరి. నేడు మన గ్రామములకు మరియొక విధమైన సంపద వచ్చి చేరినది. పాఠశాలలో కంప్యూటరు, తరగతి గదిలో పెద్ద తెర, విద్యార్థి చేతిలో ట్యాబు, ఇంటింట సెల్‌ఫోను కనబడుచున్నవి. సంపద వచ్చినది గాని దానికి నీరటి ఎవరన్న ప్రశ్నకు పెక్కు గ్రామములలో సమాధానము లేదు. ఈ దినము మేము మీతో ముచ్చటింపదలచినది ఆ ప్రశ్నను గూర్చియే.

యంత్రములు వచ్చిన క్రమము

ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టుటకు కేంద్ర ప్రభుత్వము 2004 డిసెంబరులో ఒక పథకమును ప్రారంభించినది. నాడు కంప్యూటరు ఒక గదికి పరిమితమైన వస్తువు. దానివలన కలుగు మేలుగాని కీడుగాని ఆ గది గడప దాటెడిది కాదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున పాఠశాలలు మూతపడగా ఈ స్థితి మారినది. ఆ ఏడు సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణములో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు చెప్పిరి. ఇంటిపని, ప్రశ్నలు, జవాబులు సెల్‌ఫోను ద్వారా నడచినవి. పెక్కు కూలి కుటుంబములలో ఇంటికి ఒక్కటే ఫోను. అది తెల్లవారగనే తండ్రితో పొలమునకు పోయెడిది. బిడ్డ చేతికి వచ్చుసరికి దీపాలవేళ దాటెడిది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకును, వారికి పాఠములు చెప్పు ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ ప్రారంభమైనది. మరుసటి ఏడు డిసెంబరులో మరి 4 లక్షలకు పైగా పంపిణీ మొదలైనది. ఈ విధముగా పాఠశాలకు చెందిన యంత్రము ఇంటికి వచ్చినది. ఇంటి యంత్రము పాఠశాల పనికి వచ్చినది. నేడు ఈ రెండింటిని వేరుచేసి చూచుట సాధ్యము కాదు. బడిలో పెట్టుకొన్న నియమము ఇంటిలో లేకున్నను, ఇంటిలోని నియమము బడిలో లేకున్నను, రెండును చెడిపోవును.

పిల్లలు ఈ పరికరములను ఎట్లు వాడుకొనుచున్నారు? ప్రథమ్ సంస్థవారు దేశమందలి గ్రామములలో జరిపిన అసర్ 2024 సర్వే నివేదిక 2025 జనవరిలో వెలువడినది. 14 నుండి 16 ఏండ్ల వయస్సుగల గ్రామీణ బాలబాలికలలో 82 శాతమునకు పైగా స్మార్ట్‌ఫోను వాడుట తమకు తెలియునని చెప్పిరి. అట్లు తెలిసినవారిలో, అంతకు ముందు వారములో చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతము. అదే వారములో వాట్సాపు, ఇన్‌స్టాగ్రాము వంటి సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 శాతము. వాడుట తెలిసిన బాలురలో సొంత ఫోను కలవారు 36 శాతము కాగా, బాలికలలో 27 శాతము మాత్రమే.

ఈ అంకెలలో రెండు సంగతులు గమనింపదగినవి. వాడుట నేర్పవలసిన అవసరము దాదాపు తీరిపోయినది. ఎందుకు వాడవలెనో నేర్పుట మిగిలియున్నది. చెరువు నీటి విషయమున పైమడికి, చివరి మడికి గల తారతమ్యము వంటిదే ఇంటిలో కొడుకునకు, కూతురునకు మధ్యను కలదు.

రెండు దేశముల అనుభవము

యంత్రము కొన్నంతనే చదువు వచ్చునా? ఈ ప్రశ్నకు రెండుచోట్ల జరిగిన పరిశీలనలు సమాధానము చెప్పుచున్నవి.

దక్షిణ అమెరికా ఖండమున పెరూ దేశమున్నది. అచ్చటి ప్రభుత్వము 2008 నుండి గ్రామీణ పాఠశాలల పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు ఇచ్చినది. 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో జరిపిన పరిశీలన ఫలితములు 2012లో వెలువడినవి. పిల్లలు కంప్యూటరు నడుపుట నేర్చిరి. గణితములో గాని భాషలో గాని వారి మార్కులు మాత్రము పెరుగలేదు. యంత్రము ఇంచుమించు తలకొకటి చొప్పున అందినను, దానితో ఏ పాఠము ఎట్లు చెప్పవలెనో గురువులకు తగినంతగా నేర్పలేదు.

రెండవ అనుభవము మన దేశములోనిదే. గుజరాత్ ప్రభుత్వము 2000 సంవత్సరమున వడోదర నగరములోని 100 మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలకు నాలుగేసి కంప్యూటర్లు పంపినది. రెండేండ్ల పిమ్మట, 2002 జూనులో వెళ్లి చూడగా, వానిలో అధిక భాగము వచ్చిన పెట్టెలలోనే ఉన్నవి. వానిని నడుపగలవారు ఎవరును లేకపోయిరి. అప్పుడు ప్రథమ్ సంస్థవారు ఆ నగరములోనే చదువుకొన్న యువజనులను ఎంపికచేసి, వారికి ఐదు దినములు శిక్షణ ఇచ్చిరి. 4వ తరగతి పిల్లలను ఒక్కొక్క కంప్యూటరు ముందు ఇద్దరిద్దరిని కూర్చుండబెట్టి, వారమునకు రెండు గంటలు మాత్రము గణితపు ఆటలు ఆడించిరి. గణితములో ఆ పిల్లల నేర్పు స్పష్టముగా పెరిగినట్లు పరీక్షలలో తేలినది. కార్యక్రమము ఆగిన ఒక సంవత్సరము తరువాత చూడగా, ఆ లాభములో అధిక భాగము తరిగిపోయినదని కూడ తేలినది.

రెండేండ్లు పెట్టెలో నిద్రించిన ఆ కంప్యూటర్లే మరల పనికివచ్చినవి. క్రొత్తగా చేరినవి మూడు: ఒక బాధ్యుడు, ఒక వేళ, ఒక ఉద్దేశము. ఈ మూడింటికి అయిన వ్యయము యంత్రముల వెలతో పోల్చిన స్వల్పమే. ఇవి తొలగిన వెంటనే ఫలితమును తరుగుట ప్రారంభించినది. ఇదియే ఈ దినము మేము మీ ముందుంచదలచిన ముఖ్య విషయము.

ఇది పంతులుగారి పని కాదా?

మా పర్యటనలలో పంచాయతీ సభ్యులు మమ్ము తరచు అడుగు ప్రశ్న ఇది: "పాఠశాల వస్తువులు విద్యాశాఖవి. ఇంటి ఫోను ఇంటివారిది. నడుమ పంచాయతీకి ఏమి సంబంధము?" న్యాయమైన ప్రశ్నయే. దీనికి చట్టమే సమాధానము చెప్పుచున్నది.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన అంశములు 29 కలవు. వానిలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య 17వది, గ్రంథాలయములు 20వది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండవలెను. దానిలో నాలుగింట మూడు వంతులకు తక్కువకాకుండ తల్లిదండ్రులు, మొత్తము మీద సగము స్త్రీలు ఉండవలెను. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులకు కూడ దానిలో స్థానము కలదు. పాఠశాల పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట ఆ కమిటీ విధులు. కావున, పాఠశాల కంప్యూటరు గది ఎందుకు తెరచుట లేదని అడుగుటకు మీకు అధికారము కలదు. అడుగకుండుట బాధ్యతను విడచుటయే.

మేము చూచిన ఒక ఉన్నత పాఠశాలలో కంప్యూటరు గది తాళపుచెవి బదిలీయైన ఉద్యోగితోపాటు మరియొక జిల్లాకు పోయినది. తాళము పగులగొట్టుటకు వ్రాతమూలకమైన ఉత్తరువు కావలెనని ఒకరు, వస్తువుల జాబితా లేనిదే బాధ్యత తీసుకొనలేమని ఇంకొకరు వాదించుచుండగా, ఒక విద్యాసంవత్సరము గడచిపోయినది. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. జాబితా లేదు, రెండవ తాళపుచెవి లేదు, అంతియే. ఆ సంవత్సరము 10వ తరగతి చదివిన పిల్లలకు మాత్రము అది మరల రాదు.

పాఠశాలలో చేయవలసిన ఏర్పాట్లు

మొదటిది జాబితా. ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య వ్రాసి, వచ్చిన తేదీ, గ్యారంటీ ముగియు తేదీ, తయారీ సంఖ్య, నేడున్న స్థితి ఒక రిజిష్టరులో నమోదు చేయవలెను. సిమ్‌కార్డు వేయదగిన ఫోనులకు, ట్యాబులకు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉండును. ఫోనులో *#06# నొక్కిన అది తెరపై కనిపించును. పరికరము పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు చేసి, 2023 మేలో ప్రారంభమైన సంచార్ సాథీ ద్వారా దానిని పనిచేయకుండ నిలిపివేయించుటకు ఈ సంఖ్య అవసరము. గ్యారంటీ తేదీ తెలియక, ఉచితముగా కాదగిన మరమ్మతునకు డబ్బు చెల్లించుట, లేదా మరమ్మతే మానుకొనుట తగదు.

రెండవది బాధ్యులు. ప్రధానోపాధ్యాయుడు కాక మరియొకరు, వారు లేనప్పుడు ఇంకొకరు, ఈ విధముగా ఇద్దరి పేర్లు గోడమీద వ్రాసి ఉండవలెను. తాళపుచెవులు రెండు ఉండవలెను. ఉపాధ్యాయులు తక్కువగా ఉన్న పాఠశాలలో వారిమీదనే ఈ భారమును మోపుట న్యాయము కాదు. వడోదరలో చేసినట్లు, ఊరిలో చదువుకొన్న యువతిని గాని యువకుని గాని, స్వయంసహాయక సంఘ సభ్యురాలిని గాని ఎంపికచేసి కొలది దినములు శిక్షణ ఇప్పింపవచ్చును. వారికి కొద్దిపాటి గౌరవ వేతనమును పంచాయతీ సొంత నిధులనుండి నియమముల ప్రకారము ఇయ్యవచ్చునేమో మీ కార్యదర్శితో ఆలోచింపుడు.

మూడవది వంతు. ఏ తరగతికి ఏ దినమున ఏ గంట కంప్యూటరు గదియో పట్టిక తయారుచేసి తలుపునకు అంటింపవలెను. ఇద్దరికొక యంత్రమైనను నష్టము లేదు. అయితే మీటల పలక సగము సమయము ఒకరి వద్ద, సగము సమయము రెండవవారి వద్ద ఉండవలెను. బాలురు నడుపుచుండ బాలికలు వెనుక నిలుచుండి చూచుట పరిపాటి కాకుండ ఉపాధ్యాయులు జాగ్రత్త వహింపవలెను. పాఠ్యపుస్తకములలో ముద్రించిన క్యూఆర్ గుర్తుల ద్వారా, 2017లో ప్రారంభమైన దీక్ష వేదికపై గల పాఠములను తెరచి చూడవచ్చును. ఈ వారము ఏ పాఠమునకు యంత్రము కావలెనో ముందుగ నిర్ణయించుకొన్న గంటయే ఫలించును. ఏమియు నిర్ణయింపని గంట ఆటలో గడచిపోవును.

నాలుగవది రక్షణ. దుమ్ము, ఎండ, విద్యుత్తు హెచ్చుతగ్గులు యంత్రములకు మూడు శత్రువులు. ఎర్తు తీగ సరిగా ఉన్నదా లేదా అని విద్యుత్ పనివానిచేత ఏడాదికొకసారి పరీక్ష చేయింపవలెను. వేసవి సెలవులలో ట్యాబులను ఛార్జి పూర్తిగా దిగిపోయిన స్థితిలో బీరువాలో పడవేసిన బ్యాటరీలు చెడిపోవును. సుమారు సగము ఛార్జి ఉంచి, చల్లని చోట భద్రపరచి, నడుమ ఒకటి రెండు మారులు చూచుచుండవలెను. ఉబ్బిన బ్యాటరీ కనబడిన యెడల దానిని నొక్కరాదు, ఛార్జి పెట్టరాదు; అగ్నిప్రమాదమునకు అది కారణము కాగలదు. పాడైన యంత్రములను పాతసామానువానికి అమ్ముటగాని తగులబెట్టుటగాని తగదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని అధికారముగల పునర్వినియోగ సంస్థలకే చేర్పవలెను. అంతకు ముందు వానిలోని పిల్లల వివరములను తుడిచివేయవలెను.

ఐదవది పిల్లల వివరముల గోప్యత. విద్యార్థుల పేర్లు, ఫోటోలు, ఆధార్ సంఖ్యలు, మార్కులు పదుగురు చూచు వాట్సాపు బృందములలో ఉంచుట మన ఊళ్లలో వాడుకయైపోయినది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారమును ఉపయోగించుటకు తల్లిదండ్రుల అనుమతి అవసరమని విధించినది. బహుమతి అందుకొన్న బాలిక ఫోటోను ఎవరు ఎచ్చటికి పంపుదురో మన వశములో నుండదు. కావున తల్లిదండ్రులను అడుగక ప్రకటింపకుండుట మేలు.

ఇంటిలో పాటింపవలసినవి

ఇంటి విషయమున పంచాయతీ ఆజ్ఞాపింపరాదు, నచ్చజెప్పవలెను. నచ్చజెప్పుటకు ముందు సభ్యులు తమ ఇండ్లలో ఆచరింపవలెను. అన్నము తినునప్పుడు తండ్రి ఫోను చూచుచు, బిడ్డను చూడవద్దని గద్దించిన యెడల, ఆ మాటకు విలువ లేదు.

పసిపిల్లల సంగతి మొదట చూతము. ఏడ్చుచున్న బిడ్డకు ఫోను ఇచ్చి అన్నము తినిపించుట నేడు పట్టణములకే పరిమితము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ప్రకారము రెండేండ్లు నిండని శిశువులకు తెర చూపకుండుటయే మంచిది. రెండు నుండి నాలుగేండ్ల వయస్సు పిల్లలకు దినమునకు ఒక గంట మించరాదు; అంతకు తగ్గిన కొలది మేలు. చందమామను చూపి గోరుముద్దలు పెట్టిన మన ఇండ్లలో ఈ సలహాను పాటించుట కష్టము కారాదు. అంగన్‌వాడీ కార్యకర్తల ద్వారా ఈ విషయమును ప్రతి తల్లికి తెలియజేయవచ్చును.

బడి పిల్లల విషయమున మూడు నియమములు చాలును. ఫోను వాడునది నలుగురు తిరుగు వసారాలో గాని నడుమ గదిలో గాని, పడకలో కాదు. చదువునకు వాడు వేళ, వినోదమునకు వాడు వేళ వేరువేరుగ నిర్ణయింపవలెను. రాత్రి అందరి ఫోనులు ఒకేచోట, పెద్దలవి సహితము, ఛార్జికి పెట్టి నిద్రింపవలెను. పాఠశాలనుండి వచ్చిన ట్యాబులో అనవసరమైనవి తెరచుకొనకుండ సాంకేతికమైన తాళము వేసియుండవచ్చును. ఫోనులో గూగుల్‌వారి ఫ్యామిలీ లింక్ వంటి ఏర్పాటుతో తల్లిదండ్రులు వాడుక సమయమునకు హద్దు పెట్టవచ్చును. అయితే తాళము తీయు ఉపాయములను పిల్లలు ఒకరినుండి ఒకరు నేర్చుకొందురు. దగ్గర కూర్చుండి "ఏమి చూచుచున్నావు నాయనా, నాకును చెప్పు" అని అడుగు తల్లికి మించిన తాళము లేదు. ఆమెకు చదువు రాకున్నను ఆ ప్రశ్నకు విలువ తగ్గదు.

ఇంటి డబ్బు కూడ నేడు ఆ ఫోనులోనే ఉన్నది. ధాన్యము అమ్మిన సొమ్ము, ఉపాధి కూలి, పొదుపు సంఘపు అప్పు, అన్నియు ఆ ఫోనుతో ముడివడిన బ్యాంకు ఖాతాలోనికే వచ్చుచున్నవి. పిల్లల చేతికి ఇచ్చు ఫోనులో చెల్లింపు యాపులకు వేరుగా తాళము ఉండవలెను. రహస్య సంఖ్యను వారికి చెప్పరాదు. యూపీఐ ద్వారా డబ్బు పుచ్చుకొనుటకు రహస్య సంఖ్య నొక్కవలసిన అవసరము ఎన్నడును లేదు. "మీకు బహుమతి వచ్చినది, సంఖ్య నొక్కుడు" అన్నవాడు మోసగాడే. మోసము జరిగిన యెడల సిగ్గుపడి దాచుకొనక, ఆ క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము చేతులు మారకుండ ఆపు అవకాశము అంత హెచ్చు. డబ్బు పందెముతో కూడిన ఆన్‌లైను ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము నిషేధించినది. చట్టము వచ్చినంత మాత్రమున ఆశ చావదు గనుక, ఊరి యువకులపై ఒక కన్ను వేసియుండుట పెద్దల ధర్మము.

ఇక మిక్కిలి సున్నితమైన సంగతి యొకటి. అపరిచితుడు ఎవడో బాలికను ఫోటోల పేరిట బెదిరించునప్పుడు ఆమె మొదట భయపడునది ఆ అపరిచితునికి కాదు, ఇంటివారికి. చెప్పిన యెడల ఫోను లాగుకొందురు, బడి మాన్పింతురు, పెండ్లి చేసెదరు అను భయము ఆమె నోరు మూయించుచున్నది. మోసగానికి ఆ మౌనమే బలము. "ఏమి జరిగినను మాతో చెప్పుము, నీ చదువు ఆగదు" అను మాటను తల్లిదండ్రులు ముందుగానే చెప్పియుండవలెను. ఆపదలో నున్న బాలబాలికలకు 1098 సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలను, 1930ని 1098ని, పంచాయతీ కార్యాలయపు గోడమీదను, పాఠశాల గోడమీదను పెద్ద అక్షరములతో వ్రాయించుటకు అయ్యెడి ఖర్చు ఎంత?

కొడుకునకు ఫోను కొనిచ్చి, చెడిపోవునను భయముతో కూతురునకు నిరాకరించుట పెక్కు ఇండ్లలో కలదు. చెడుగు ఉన్న యెడల అది ఇద్దరికిని ఉన్నది. మేలు ఉన్న యెడల ఇద్దరికిని కావలెను. ఇంటిలో ఒకే ఫోను ఉన్నప్పుడు సాయంత్రపు గంటలో అన్నకెంత వంతో చెల్లెలికి అంత వంతు ఉండవలెను.

ఊరంతయు కలసి చేసిన పని

ఒక ఇల్లు ఒంటరిగా నియమము పెట్టుకొనుట కష్టము. ప్రక్కింటి టెలివిజను మ్రోగుచుండగా ఈ ఇంటి బిడ్డ పుస్తకము తెరువడు. ఈ చిక్కును ఒక గ్రామము ఎట్లు విడదీసినదో వినుడు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాయందు వడగావ్ అను గ్రామము కలదు. సుమారు మూడు వేల జనాభా. అధికులు రైతులు, చక్కెర మిల్లు కార్మికులు. కరోనా కాలమున పిల్లలు ఫోనులకు అలవాటుపడి, బడులు తెరచిన తరువాత కూడ పుస్తకము ముట్టుట లేదని అచ్చటి ఉపాధ్యాయులు, పంచాయతీవారు గమనించిరి. 2022 ఆగస్టు 14న గ్రామసభలో నిర్ణయించుకొని, మరునాడు స్వాతంత్ర్య దినోత్సవమునుండి అమలు చేసిరి. ప్రతి సాయంత్రము 7 గంటలకు దేవాలయమునుండి సైరను మ్రోగును. ఊరిలోని టెలివిజనులు, ఫోనులు ఆగిపోవును. గంటన్నర తరువాత మరల సైరను మ్రోగువరకు పిల్లలు చదువుకొందురు, పెద్దలు మాటలాడుకొందురు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది, పంచాయతీ ఉద్యోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు తొలి దినములలో ఇల్లిల్లు తిరిగి నచ్చజెప్పిరి.

ఈ ఏర్పాటును మనము యథాతథముగా అనుకరింపవలెనని మేము చెప్పుట లేదు. చదువునకు ఫోను తప్పనిసరియైన విద్యార్థికి ఆ గంటన్నర అడ్డుకారాదు. రోగి ఉన్న ఇంటిలో ఫోను ఆగరాదు. గ్రహింపదగినది ఒక్కటి. ఆ నిర్ణయము గ్రామసభలో జరిగినది, దానికి కట్టుబడినవారిలో పెద్దలును ఉన్నారు. మీ ఊరిలో అట్టి ఒక గంటను నిర్ణయించుకొన్న యెడల, ఆ గంటలో పిల్లలు ఏమి చేయవలెనో కూడ ఆలోచింపుడు. గ్రంథాలయపు తలుపు ఆ వేళకు తెరచియున్నదా? పాఠశాల వసారాలో దీపమున్నదా? ఫోను తీసివేసి ఆ స్థానమున ఏమియు నుంచని యెడల, ఆ నియమము పక్షము దినములు కూడ నిలువదు.

గ్రామసభకు ఒక తీర్మానము

మీరు రాబోవు గ్రామసభలో ప్రతిపాదించుటకు వీలుగా మేము ఈ క్రింది అంశములను సూచించుచున్నాము. మీ ఊరి పరిస్థితులనుబట్టి మార్చుకొనవచ్చును.

1. పాఠశాలలోని కంప్యూటర్లు, ట్యాబులు, తెరల జాబితాను యాజమాన్య కమిటీ ఏడాదికి రెండు మారులు సరిచూచి, ఆ వివరమును గ్రామసభలో చదివి వినిపించుట.

2. బాధ్యులు ఇద్దరి పేర్లను, వంతుల పట్టికను కంప్యూటరు గది తలుపుపై ప్రకటించుట.

3. బాధ్యులు బదిలీ అయిన యెడల తాళపుచెవి, రిజిష్టరు, సంకేతపదములు ఇద్దరు సభ్యుల ఎదుట క్రొత్తవారికి అప్పగించుట.

4. చిన్న మరమ్మతులకై కొంత మొత్తమును గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్చుట.

5. 1930, 1098 సంఖ్యలను గోడలపై వ్రాయించుట. ఏడాదికొకసారి తల్లులకు, ప్రత్యేకముగా స్వయంసహాయక సంఘముల వారికి, ఫోను భద్రతపై ఒక పూట తరగతి జరిపించుట.

6. సాయంత్రము ఒక గంటను ఊరంతటికి చదువు గంటగా సమ్మతితో నిర్ణయించుట. ఆ గంట పంచాయతీ సభ్యుల ఇండ్లతో ప్రారంభమగుట.

సోదరీ సోదరులారా! ఈ ఆరు అంశములలో గొప్ప వ్యయముతో కూడినది ఒక్కటియు లేదు. ప్రతిదానికి మనిషి శ్రద్ధ మాత్రము కావలెను. ట్యాబు వయస్సు కొలది సంవత్సరములే. దానిని పట్టుకొన్న బిడ్డ చదువు వయస్సు అంతకంటె తక్కువ. ఈ ఏడు 8వ తరగతిలోనున్న బాలిక వచ్చే ఏడు 9వ తరగతికి పోవును. మన తీర్మానము ఆలస్యమైన యెడల ఆమె మనకొరకు ఆగదు. కావున మీరు మీ గ్రామములకు చేరిన పిదప మొదట పాఠశాలకు పోయి, కంప్యూటరు గది తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో అడుగుడు. సమాధానము వెంటనే వచ్చిన సంతోషింపుడు. రాని యెడల మీ పని అచ్చటనే ప్రారంభమగును.